పదిహేనేళ్ల లాకౌట్ తర్వాత

మా నాన్నకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. జూట్ మిల్లు మగ్గాల షెడ్డులో ముప్పై ఒక్కేళ్లు పనిచేసి ఇంటికి తెచ్చుకున్నవి రెండు: ఒకటి ప్రావిడెంట్ ఫండు, రెండోది ఈ చెవుడు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి పెదాలు కనబడేలా మాట్లాడాలి. అరిస్తే కోపం వస్తుంది. "అరవకు, సరిగ్గా సెప్పు" అంటాడు. షెడ్డులో అందరూ అలాగే మాట్లాడుకునేవారట, పెదాలతో, వేళ్లతో. నాలుగు మగ్గాల అవతలున్న మనిషిని టీకి పిలవడానికి ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడని చెప్పడానికి ఒక సైగ, నూలు తెగిందనడానికి ఇంకొకటి. మా ఇంట్లో ఇప్పటికీ అన్నం తిన్నావా అని అడగడానికి ఎవరూ నోరు తెరవరు.

అలాంటి మనిషి 2010 మే నెలలో ఒక మధ్యాహ్నం నేను పాటలు వింటున్న గదిలోకి వచ్చి, స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే నిలబడి, "ఏటిరా ఇది, మా షెడ్డు నాగుంది" అన్నాడు.

అప్పుడు మోగుతున్న పాట పేరు 'పేరోల్', అంటే జీతాల పట్టీ. నైట్జర్ ఎబ్ అనే ఇంగ్లండు బ్యాండు పదిహేనేళ్లు విరామం తీసుకుని చేసిన 'ఇండస్ట్రియల్ కాంప్లెక్స్' ఆల్బంలోది. పేరు చెబితే నాన్న నవ్వాడు. పేరోల్ అంటే ఏమిటో మిల్లు మనిషికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు.

ఆ ఆల్బం పాతవాటి ముందు దిగదుడుపే అని వచ్చిన రోజు నుంచీ వింటున్నాను. ముసలాళ్లు మళ్లీ కడుపు కోసం వేషం కట్టారు అన్నవాడు నాకు మంచి స్నేహితుడే. నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోవో చెప్పరా అంటే మాత్రం గట్టిగా చెప్పలేకపోయేవాణ్ణి. 2025 జూన్‌లో ఆ బ్యాండు గాయకుడు డగ్లస్ మెకార్తీ 58 ఏళ్లకి చనిపోయాడు. ఆయన గొంతుతో వచ్చిన ఆఖరి నైట్జర్ ఎబ్ స్టూడియో ఆల్బం అదే అయింది. నా వాదన ఇప్పుడైనా కాగితం మీద పెట్టాలి.

విజయనగరంలో కూర్చుని ఇలాంటి సంగీతాన్ని వెనకేసుకు రావడంలో కొంచెం సిగ్గు కూడా ఉందని ముందే చెప్పేస్తాను. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాలు. ఒక్క ఒంటితో ఒకేసారి అయిదు తాళాలు వేసేవారని ఆయన గురించి చెప్పుకుంటారు. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన ఊరు, ఘంటసాల వారాలు చేసుకుంటూ పాట నేర్చుకున్న ఊరు. అలాంటి చోట, ఒకే తాళాన్ని నాలుగు నిమిషాలు ఈషణ్మాత్రం మారకుండా వేసి, దాని మీద ఒకడు కేకలు పెట్టే సంగీతం గొప్పదని చెప్పబోతున్నాను. కోట ముందు నుంచి నడిచేటప్పుడు హెడ్‌ఫోన్లలో సౌండు తగ్గించే అలవాటు నాకు ఊరికే రాలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 'ఇండస్ట్రియల్' అనే పేరు 1976లో లండన్‌లో త్రాబింగ్ గ్రిసిల్ అనే బృందం సొంతంగా పెట్టుకున్న ఇండస్ట్రియల్ రికార్డ్స్ నుంచి వచ్చింది. వాళ్లది డాన్సు చేసే సంగీతం కాదు. వినేవాణ్ణి ఇబ్బంది పెట్టడమే వాళ్ల పని. ఆ ఇబ్బందికి కాళ్లు తొడిగినవాళ్లు తర్వాత వచ్చారు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో డాఫ్ అనే బ్యాండు, బెల్జియంలో ఫ్రంట్ 242 అనే బ్యాండు. 'ఎలక్ట్రానిక్ బాడీ మ్యూజిక్' అన్న మాటని 1978లో జర్మన్ బ్యాండు క్రాఫ్ట్‌వెర్క్‌కి చెందిన రాల్ఫ్ హ్యూటర్ వాడితే, 1984 నుంచి ఫ్రంట్ 242 తమ సంగీతానికి పేరుగా పెట్టుకున్నారు. ఒంటి సంగీతం అనుకోండి. సీక్వెన్సర్ అనే యంత్రంలో పదహారు గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక బేస్ స్వరం, అంటే మంద్రంగా మోగేది, పెడితే అది అదే వరసలో తిరుగుతూ ఉంటుంది, ఆపేదాకా. దాని కింద డ్రమ్ మెషీన్. ఆ రెండింటి మీదా మనిషి గొంతు. శ్రుతి, రాగం, గమకం ఏమీ లేవు. మిగిలింది లయ ఒక్కటే, లయతో పాటు ఊపిరి.

నైట్జర్ ఎబ్ పుట్టింది 1982లో, ఎసెక్స్‌లోని చెమ్స్‌ఫర్డ్‌లో. మెకార్తీ, బాన్ హ్యారిస్, డేవిడ్ గుడే బడిలో ఉన్న కుర్రాళ్లు. ఆ పేరుకి ఏ భాషలోనూ అర్థం లేదు. జర్మన్‌లా వినబడాలని కల్పించుకున్నారు. మన దగ్గర కుర్రాళ్లు క్రికెట్ టీముకి ఇంగ్లీషు పేరు పెట్టుకున్నట్టే. చెమ్స్‌ఫర్డ్ గురించి చదివినప్పుడు నాకు కాస్త ఆశ్చర్యం వేసింది. లండన్ పక్కన పచ్చటి పల్లెటూరేమో అనుకున్నాను. కాదు. మార్కోనీ 1912లో రేడియోల కోసమే కట్టించిన ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. హాఫ్‌మన్ బేరింగుల కార్ఖానా అక్కడే. అంటే షిఫ్టు సైరన్లకి నిద్ర లేచే చిన్న ఊరు. మా గరివిడి ఫెర్రో ఎల్లాయిసు, మా జూట్ మిల్లులు గుర్తొచ్చాయి. వాళ్ల మొదటి రికార్డు 1984లో వచ్చింది. బ్రిటన్ బొగ్గు గని కార్మికుల పెద్ద సమ్మె నడుస్తున్న ఏడాది అది. ఆ కుర్రాళ్లు గనిలోకి దిగలేదు, ఫ్యాక్టరీలో చేరలేదు. కానీ గాలిలో ఉన్నది అదే కదా.

1987లో మొదటి ఆల్బం 'దట్ టోటల్ ఏజ్' వచ్చేనాటికి మెకార్తీకి ఇరవై. అదే ఏడాది మన పార్లమెంటు తిండిగింజల్ని గోనె సంచుల్లోనే నింపాలని జూట్ ప్యాకేజింగ్ చట్టం చేసింది. నాకు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవడం సరదా, అంతకు మించి సంబంధం ఏమీ లేదు. ఆ చట్టం లేకపోతే ప్లాస్టిక్ సంచి ఆ రోజుల్లోనే మా ఇంటి పొయ్యి ఆర్పేసేది.

ఆ ఆల్బం నేను విన్నది 2001లో, విశాఖలో హాస్టల్లో. సీనియర్ ఒకడి దగ్గర ఎంపీత్రీ సీడీ ఉండేది, డెపేష్ మోడ్ అనే పేరున్న ఇంగ్లండు బ్యాండు పేరు రాసి. అందులో చివరి ఫోల్డరు వీళ్లది. ఎందుకు చేరిందో తర్వాత తెలిసింది. 1987-88లో యూరప్‌లో, 1990లో అమెరికాలో డెపేష్ మోడ్ కచేరీలకు ముందు వాయించింది వీళ్లే. 'జాయిన్ ఇన్ ద చాంట్' మొదలవగానే నేను లేచి కూర్చున్నాను. నచ్చడం కాదు. ఎరిగున్న శబ్దం. చిన్నప్పుడు నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి మిల్లు గేటు దాకా వెళ్తే లోపలి నుంచి నేల గుండా అరికాళ్లకి తగిలేదే, అది. జూట్ మగ్గంలో షటిల్ని, అంటే నూలుతో అటూ ఇటూ పరిగెత్తే నాడెని, కొట్టే దెబ్బలు నిమిషానికి నూట ఇరవై నుంచి నూట యాభై దాకా పడతాయి. ఈ పాటల నడక కూడా ఇంచుమించు ఆ వేగమే. వాళ్లు ఏ మగ్గం చూసి ఆ వేగం పెట్టలేదు. మనిషి ఒళ్లు ఎక్కువసేపు తట్టుకోగల వేగం అదేనేమో, ఆడినా, పనిచేసినా.

నేను హాస్టల్లో ఆ ఫోల్డరు అరగదీస్తున్న ఏడాదే నాన్న మిల్లుకి లాకౌట్ పడింది.

నష్టాలని యాజమాన్యం, బకాయిలు ఎగ్గొట్టడానికని యూనియన్లు. పద్నాలుగు నెలలు గేటు మూసే ఉంది. నాన్న ముందు రెండు నెలలు గేటు దగ్గర టెంటులో కూర్చున్నాడు. తర్వాత బట్టల కొట్టులో మూటలు మోశాడు. ఆ తర్వాత ఒక అపార్ట్‌మెంటుకి రాత్రి వాచ్‌మన్. ఆ నెలల్లో ఆయన చొక్కాకి జూట్ నూనె వాసన పోయింది. నారని మెత్తబరచడానికి నూనె నీళ్లు కలిపి చల్లుతారు. కిరసనాయిలుకి దగ్గరగా ఉండే వాసన. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. అది పోయిందని అమ్మ గమనించి, చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా తీగ మీద వేసింది.

మళ్లీ గేటు తెరిచిన రోజు ఉదయం అయిదున్నరకి సైరన్ మోగితే వీధిలో కుక్కలన్నీ ఏడుపు లంకించుకున్నాయి. అవి పుట్టాక ఆ మోత వినలేదు మరి. షెడ్డులో పావురాలు గూళ్లు పెట్టేశాయట. మూడు రోజులు తుడవడం, తుప్పు గీకడం, నూనె వెయ్యడమే పని. నాలుగో రోజు మగ్గం ఎక్కించారు. దిగిన మొదటి గుడ్డని పనికిరాదని పక్కన పడేశారు. నాన్న ఆ రాత్రి ఇంటికి వచ్చి గడప మీద కూలబడి అన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది. సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను. "సెయ్యి మరిసిపోనేదురా. నడుం మరిసిపోనాది."

'ఇండస్ట్రియల్ కాంప్లెక్స్' గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. అయినా విడమరుస్తాను, ఎందుకంటే నా స్నేహితుడు ఆ మాటని ఆల్బం మీద వేసిన నింద అనుకుంటాడు.

బ్యాండు కథ క్లుప్తంగా. 1989లో 'బిలీఫ్', 1990లో 'షోటైమ్', 1991లో 'ఎబ్‌హెడ్'. 'బిలీఫ్' నుంచి నిర్మాత ఫ్లడ్, డెపేష్ మోడ్ 'వయొలేటర్' ఆల్బం వెనక ఉన్న మనిషే. 1995లో 'బిగ్ హిట్', గిటార్లు, మామూలు డ్రమ్సు ఎక్కువై, సొంత జనానికే దూరమైన ఆల్బం. దానితో విడిపోయారు. తర్వాత ఎవరి పని వాళ్లది. హ్యారిస్ లాస్ ఏంజెలెస్ వెళ్లి ఇతరుల రికార్డులకి ప్రోగ్రామింగ్ చేశాడు, అమెరికా బ్యాండు స్మాషింగ్ పంప్కిన్స్ 1998లో తెచ్చిన 'అడోర్' వాటిలో ఒకటి. మెకార్తీ ఫ్రెంచి టెక్నో మనిషి టెరెన్స్ ఫిక్స్‌మర్‌తో జతకట్టాడు. ఇదంతా నాకు మూటలు మోయడం, వాచ్‌మన్ పని లాగే కనిపిస్తుంది. అవి తక్కువ పనులని కాదు. ఒళ్లు వేరే రకంగా వంగుతుంది. 2006లో మళ్లీ కలిసి వేదిక ఎక్కారు. 2010 జనవరిలో ఆల్బం.

ఇప్పుడు వినండి. 'ప్రామిసెస్'తో మొదలవుతుంది. సీక్వెన్సర్ 1987లో ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుంది. బేస్ పొడిగా, మొరటుగా, ఒక్క స్వరం ఎక్కువ లేకుండా నడుస్తుంది. హ్యారిస్ చెయ్యి ఏదీ మరిచిపోలేదు. అప్పుడు మెకార్తీ గొంతు వస్తుంది. ఇరవయ్యేళ్లప్పుడు అది కొరడా. ప్రతి మాటా ఆజ్ఞ. తాళం కంటే ఒక వెంట్రుక ముందు పడేది, తాళాన్ని తరుముతున్నట్టు. నలభై మూడేళ్ల గొంతు అలా తరమదు. తాళం పడ్డాక దాని మీద బరువు వేస్తుంది. కొన్నిచోట్ల లాగబడుతుంది. 'నెవర్ నోన్'లో, 'హిట్ యు బ్యాక్'లో కేక పెట్టే ముందు ఊపిరి తీసుకోవడం తెలుస్తుంది.

ఇక 'పేరోల్'. జీతాల పట్టీ అన్న మాటని ఇరవయ్యేళ్ల కుర్రాడు కేకేసి ఉంటే అది నినాదం అయ్యేది, ఎర్రజెండా పోస్టరులో బొమ్మలా. ఇక్కడ వినబడేది ఒకటో తారీఖు కోసం చూసే మనిషి. నా లెక్క ఇది: 'దట్ టోటల్ ఏజ్'లో మెకార్తీ మేస్త్రీ, ఈ ఆల్బంలో కూలీ. మేస్త్రీ గొంతు మీద నాకూ మోజే, ఆ వయసులో ఎవడికి ఉండదు? కానీ మేస్త్రీ పాత్ర వేసిన కుర్రాడికి పని తెలీదు. చొక్కా విప్పి, కండలు చూపించి, బూట్లు టకటకలాడించి, కార్మికుడి ఒంటిని బొమ్మగా తొడుక్కున్నాడు. అందంగానే తొడుక్కున్నాడు. మా నాన్న మాత్రం చొక్కా విప్పి పనిచెయ్యడు. నార ధూళి ఒంటికి తగిలితే దద్దుర్లు.

దీనికి మా స్నేహితుడి జవాబు, ఫోనులో, చాలాసార్లు: "మరిచిపోయిన నడుం ఎవడిక్కావాల్రా? డాన్సు పాట అన్నాక నడుమే కదా ముఖ్యం."

మంచి ప్రశ్నే. వాడు బెంగళూరులో ఉంటాడు, జిమ్ముకి వెళ్తాడు, పాత ఆల్బం పెట్టుకుని పరిగెత్తుతాడు. వాడికి యంత్రంతో సమానంగా ఒళ్లు నడవడమే ఈ సంగీతంలో ఉన్న సుఖం. ఎవరూ గెలవని ఆటలో కాసేపు గెలిచినట్టు. నేను కాదనను. కానీ యంత్రంతో సమానంగా నడిచే ఒళ్లు మహా అయితే పదేళ్లుంటుంది. ఆ పదేళ్ల పాటే ఈ సంగీతం నిజం చెబుతుందని ఒప్పుకుంటే, మిగతా బతుకంతా దీనితో మనకి పనిలేదు. సీక్వెన్సర్‌కి వయసు రాదు. వయసు వచ్చేది పక్కన నిలబడినవాడికి. ఆ రెండూ ఒకే రికార్డులో వినబడినప్పుడే కదా, ఎవరు యంత్రమో ఎవరు మనిషో నాకు తెలిసేది? ఇరవయ్యేళ్లప్పటి రికార్డులో ఆ తేడా దాచిపెట్టడమే వాళ్ల నేర్పు. నలభై మూడేళ్ల రికార్డులో దాచలేదు. దాచలేకపోయారు అంటాడు వాడు. కావచ్చు. 2010లో గొంతుని కుర్రగొంతుగా దిద్దడానికి సాఫ్ట్‌వేరుకి కొదవేం లేదని మాత్రం గుర్తు చేస్తాను.

తప్పెటగుళ్లు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పోయిన ఏడాది సిరిమాను పండగ ముందురోజు మా వీధి చివర ఒక బృందం ఆడింది. గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు, పదిహేను మంది. వాళ్లలో ముగ్గురు అరవై దాటినవాళ్లు. చాలా ఏళ్ల కిందట మానేసి, కుర్రాళ్లు చాలక మళ్లీ కట్టారట. కుర్రాళ్లు ఎగిరితే మోకాళ్లు నడుం దాకా వస్తున్నాయి. ముసలాళ్ల కాళ్లు నేల మీద నుంచి జానెడు లేస్తున్నాయో లేదో. నేను వాళ్ల చేతులే చూస్తూ నిలబడ్డాను. రెండు అరచేతులూ తప్పెట మీద పడడం, ఆగడం, మళ్లీ పడడం. కుర్రాళ్లు ఎగిరిన ఊపులో దెబ్బ ఒకటీ అరా జారిపోతోంది. ముసలాళ్లది ఒక్కటీ జారలేదు. ఎగరడం తగ్గించి ఆ ఓపికంతా దెబ్బకి ఇచ్చేశారు. ఒకాయన మధ్యలో ఆగి, తప్పెట తాడు బిగించుకుని, కండువాతో మొహం తుడుచుకుని, లెక్క చూసుకోకుండానే సరిగ్గా నాలుగో దెబ్బకి కలిశాడు. ఆ కలవడం చూశాక నేను ఇంటికొచ్చి పెట్టుకున్నది 'దట్ టోటల్ ఏజ్' కాదు.

అంతమాత్రాన తిరిగొచ్చిన ప్రతి బ్యాండుకీ హారతి పట్టమనడం లేదు. ఫ్రంట్ 242 పదేళ్ల తర్వాత 2003లో 'పల్స్' తెచ్చారు. తెలివైన రికార్డు, నాకు రెండుసార్ల కంటే వినబుద్ధి కాలేదు. వాళ్లు 2025 జనవరిలో బ్రసెల్స్‌లో ఆఖరి కచేరీలు చేసి గౌరవంగా తప్పుకున్నారు. స్కిన్నీ పప్పీ 2004లో తిరిగొచ్చారు. బృందంలో డ్వేన్ గెట్టెల్ 1995లోనే పోయాడు కాబట్టి ఆ రికార్డులో ఒక కుర్చీ ఖాళీగా వినబడుతుంది. క్యాబరే వోల్టేర్ పేరు మీద 2020లో రిచర్డ్ కిర్క్ ఒక్కడే 'షాడో ఆఫ్ ఫియర్' చేశాడు, మరుసటి ఏడాది పోయాడు. ఒంటరిగా మిల్లు నడిపినట్టే అది. నాకు చాలా ఇష్టం, దాని సంగతి వేరే రాయాలి.

'ఇండస్ట్రియల్ కాంప్లెక్స్'లో లోపాలు లేవా? ఉన్నాయి. శబ్దం మరీ శుభ్రంగా ఉంది. 1987 నాటి రికార్డులో డ్రమ్ము దెబ్బ చుట్టూ కొంచెం మురికి, కొంచెం పగులు ఉండేది. ఇక్కడ ఆస్పత్రి నేలలా తుడిచేశారు. ముసలి గొంతుని అలాగే ఉంచి యంత్రాన్ని కొత్తగా మెరిపించడం నాకు నచ్చదు. మా మిల్లులో కొత్త మగ్గాలు వచ్చినప్పుడు కూడా పాతవాళ్లు ఇదే గొణిగారు. 'కిస్ కిస్ బ్యాంగ్ బ్యాంగ్' లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. మధ్యలో ఊపు పడిపోతుంది. 'గోయింగ్ ఎవే' దగ్గర నెమ్మదించడం నాకు మొదట్లో గిట్టలేదు, తాళం లేకపోతే వీళ్ల దగ్గర వినడానికి ఏముంది అనుకున్నాను. ఇప్పుడది షిఫ్టు మారే సమయంలా ఉంటుంది. మగ్గాలు ఆగి, ఒకళ్లు దిగి ఇంకొకళ్లు ఎక్కే ఆ పది నిమిషాలు షెడ్డులో చెవులు గింగురుమంటాయట. ఆ నిశ్శబ్దమే ఎక్కువ బాధ పెట్టేదని నాన్న అంటాడు.

'వన్స్ యు సే'లో వెనక గొంతు డెపేష్ మోడ్ మార్టిన్ గోర్‌ది. ఆ ఏడాదే మళ్లీ డెపేష్ మోడ్ యూరప్ కచేరీల్లో ముందు వాయించే అవకాశం వీళ్లకి వచ్చింది. ఇరవై రెండేళ్ల తర్వాత అదే పని, అదే వరసలో రెండో చోటు. దాన్ని ఓటమి అన్నవాళ్లున్నారు. పర్మినెంటు కానిదే కార్మికుడు కాడన్నట్టు మాట్లాడతారు. మా వీధిలో సగం మంది బదిలీ కార్మికులుగా చేరి, బదిలీ కార్మికులుగానే మానుకున్నారు. ఎవరైనా రాకపోతే ఆ రోజు వాళ్లకి పని. ఉదయాన్నే గేటు దగ్గర నిలబడేవారు, క్యారేజీ పట్టుకునే. పని దొరక్కపోతే ఆ అన్నం పెద్ద చెరువు గట్టు మీద కూర్చుని తిని, మధ్యాహ్నం దాటాక ఇంటికి వెళ్లేవారు, పని దొరికినట్టుగా. వాళ్లలో నాన్న కంటే నేర్పుగా నేసినవాళ్లున్నారని నాన్నే చెబుతాడు.

2024లో మెకార్తీ ఆరోగ్యం బాగోలేక కచేరీలు మానేశాడు. 2025 జూన్ 11న పోయాడు.

వార్త తెలిసిన సాయంత్రం నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా నిలబడి పెదాలతో చెప్పాను, ఆ షెడ్డు పాట పాడినాయన పోయాడని. గుర్తుపట్టడేమో అనుకున్నాను. ఎన్నేళ్లు అన్నట్టు గడ్డం పైకెత్తాడు. ముందు అయిదు వేళ్లు, తర్వాత ఎనిమిది చూపించాను.

"యాబయ్యెనిమిది," అన్నాడు. మిల్లులో పింఛను కాగితాలు మొదలయ్యే వయసు.

కాసేపాగి, చూపుడువేలు దూరంగా దేన్నో చూపించినట్టు చాచి, అరచెయ్యి తిరగేశాడు. ఈ సైగ నాకు తెలుసు. ఆ మగ్గం మీద ఇవాళ ఎవరు, అని. షెడ్డులో ఎవరైనా రాకపోతే అడిగేది. జవాబుగా బదిలీకి వచ్చినవాడి సైగపేరు చెప్పాలి. ఒకడికి మీసం, ఒకడికి నత్తి, అలా ఉండేవి.

నాకేం చూపించాలో తెలియలేదు. లోపలికి వెళ్లి 'పేరోల్' పెట్టాను. నాన్న వెనకే వచ్చి స్పీకరు మీద చెయ్యి ఆనించాడు. సగం పాట అయ్యాక సౌండు తగ్గించమన్నాడు. పక్కింట్లో పసిగుంట పడుకుందట.